నూనె ఊరే నేల

సైబీరియా అడవుల్లో పండిన గింజల నూనె ఓ చిన్న సీసాలో పెంటపాడులోని బాలింత గదికి చేరింది. అది మంచిదా, మన నూనె మంచిదా? జవాబు వెతుక్కుంటూ తాడేపల్లిగూడెం, పెదవేగి, కొల్లేరు చుట్టి వస్తే...

"మెల్లిగా పట్టుకో మావయ్యా, పడేశావంటే మళ్లీ కొనలేను" అంటూ మేనకోడలు నా చేతిలో ఓ సీసా పెట్టింది. అరచేతిలో ఇమిడిపోయేంత సీసా. లోపల లేత పసుపురంగు నూనె. పైన కాగితం మీద పైన్ చెట్టు బొమ్మ.

మేనకోడలు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. పురిటికి పుట్టిల్లు పెంటపాడు వచ్చింది. పాప పుట్టి ఇరవై రోజులైంది. పసిదాని ఒళ్లంతా సన్నగా పొట్టు లేస్తోంది. తల్లికేమో పొట్ట మీద చారలు. రెంటికీ పైన్ గింజల నూనే మందని స్నేహితురాలు చెప్పిందట. ఒంటికి రాస్తే చర్మం నిగనిగలాడుతుంది, చెంచాడు తాగితే కడుపులో మంట తగ్గుతుంది... ఇలా సీసాతోపాటు వచ్చిన కాగితం నిండా గొప్పలే.

మా చెల్లెలు ఊరుకోలేదు. "చూశావా అన్నయ్యా! ఇటు తిరిగితే తవుడు, అటు తిరిగితే పామాయిలు తోటలు. వంటింట్లో పప్పునూనె డబ్బా ఉండనే ఉంది. నూనె లేని దేశంలో ఉన్నట్టు రష్యా నుంచి తెప్పించుకోవాలా?" అంది.

తల్లీ కూతుళ్ల మధ్య తీర్పు చెప్పాల్సింది నేనట! రెండు రోజులు గడువు అడిగాను. పాపకు నీళ్లు పోసే మామ్మ ఎలాగూ ఎల్లుండి పొద్దున వస్తుంది. ఆలోగా ఈ నూనెల సంగతేమిటో చూసి వద్దామని బయల్దేరాను.

ఇంతకీ ఏమిటీ నూనె?

ముందు అతిథి గురించి చెప్పుకోవాలి. పైన్ కాయలు చెక్కతో చేసిన పువ్వుల్లా ఉంటాయి. ఆ రేకుల మధ్య గింజలుంటాయి. మన దేశంలో హిమాచల్‌ప్రదేశ్‌లోని కిన్నౌర్ జిల్లాలో దొరికే చిల్గోజాలు ఆ జాతివే. ఉత్తరాదిన చలికాలంలో వేయించుకుని తింటారు. సైబీరియాలో పెరిగేది మరో రకం. రష్యా వాళ్లు దాన్ని దేవదారు అనే పిలుస్తారు కానీ, నిజానికి అదీ పైన్ చెట్టే. ఈ చెట్లు కాపుకు రావడానికి ఏళ్లూపూళ్లూ పడుతుంది. కాయ పండటానికే ఏడాదికి పైగా కావాలి. ఎక్కి కోయాలి, ఎండబెట్టాలి, పెంకు ఒలవాలి. ధర ఎందుకంతో ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

గింజ పప్పులో సగానికి పైగా నూనే ఉంటుంది. అందులో పినోలెనిక్ అనే కొవ్వు ఆమ్లం ఉండటం దీని ప్రత్యేకత. సైబీరియా, కొరియా రకాల్లో అది ఎక్కువ. విటమిన్ ఇ కూడా ఉంటుంది. పొయ్యి మీద పెడితే ఈ నూనె త్వరగా పాడవుతుంది కాబట్టి వేపుళ్లకు పనికిరాదు. చల్లటి పదార్థాల మీద చెంచాడు చల్లుకోవాలి. సీసా మూత తీశాక చల్లటిచోట దాచి, త్వరగా వాడేయాలి. ఒంటికి రాస్తే చర్మం మీద పల్చటి పొరలా నిలిచి తడి ఆరిపోకుండా కాపాడుతుంది. అయితే ఆ పని చాలా నూనెలు చేస్తాయి. పొట్ట చారల్ని చెరిపేసే శక్తి మాత్రం ఏ నూనెకూ లేదు. పైన్ గింజలు కొందరికి పడవు కూడా.

అంటే నూనె మంచిదే. గొప్పలే కాస్త ఎక్కువ!

గూడెంలో దిగితే...

ఈ ప్రాంతాన్ని చూడాలంటే ఏలూరులో పాసింజరు ఎక్కడమే సుఖం. దెందులూరు, భీమడోలు, పూళ్ల, కైకరం, చేబ్రోలు... ఒక్కో స్టేషనూ దాటుతుంటే కిటికీలోంచి వరిచేలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతుంటాయి. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక, గోదావరి నీళ్లు ఏలూరు కాలువలో పడి ఇటు రావడంతో ఈ నేల రాత మారింది. అప్పటి నుంచీ ఇక్కడి లెక్కలన్నీ ధాన్యం బస్తాల్లోనే.

తాడేపల్లిగూడెంలో దిగగానే ముక్కుకు తగిలేది ఉల్లిపాయల ఘాటు. రాష్ట్రంలోని పెద్ద ఉల్లి మార్కెట్లలో ఇదొకటి. బెల్లం వ్యాపారానికీ పేరుంది. రెండో ప్రపంచయుద్ధం కాలంలో బ్రిటిష్ వాళ్లు విమానాలు దిగడానికి వేసిన రన్‌వే ఆనవాళ్లు ఊరి పక్కన ఇంకా ఉన్నాయి. 2015లో నిట్ వచ్చింది. దగ్గర్లోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఇన్ని ఉన్నా, ఊరి చుట్టూ తిరిగితే మనసులో నిలిచేది మాత్రం మిల్లుల పొగగొట్టాలూ, వాటి కిందనుంచి వచ్చే కమ్మటి తవుడు వాసనా.

అక్కడి నుంచి పెంటపాడుకు ఆటోలో వెళ్తుంటే రోడ్డు పక్కన దాళ్వా ధాన్యం ఆరబోసి ఉంది. గొడుగు వేసుకుని ఒకాయన కాళ్లతో గింజల్ని తిరగేస్తున్నాడు. నాకు కావలసిన కథ ఆ గింజలోనే ఉంది.

తవుడుకు గడియారం ఉంది!

దారిలో ఓ రైసుమిల్లు ముందు దిగాను. లోపల గుమాస్తా పెద్దాయన మొదట అనుమానంగా చూశారు. నూనె కథ రాస్తున్నానంటే నవ్వేశారు. "అయితే తవుడు గదికి రండి. అందరూ బియ్యం చూసి వెళ్లిపోతారండి. అసలు సరుకు అక్కడుంటుంది" అన్నారు.

ధాన్యం మరాడిస్తే ముందు ఊక పోతుంది. తర్వాత గోధుమరంగు బియ్యాన్ని తెల్లగా పాలిష్ పడితే రాలే మెత్తటి పొడే తవుడు. ఒక్క బియ్యపు గింజ మీద ఉండే ఆ పల్చటి పొరలోనే విటమిన్లు, పీచు, నూనె దాగి ఉంటాయి. మన పాతకాలం దంపుడు బియ్యంలో ఆ పొర చాలావరకూ నిలిచేది. తెల్లన్నం మోజులో దాన్ని గేదెల కుడితిలోకి పంపేశాం.

పెద్దాయన వేళ్ల మీద లెక్క చెప్పారు. ఇక్కడ ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అందులో తవుడు ఆరు కిలోల దాకా వస్తుంది. తవుడులో నూనె నూటికి 15 నుంచి 20 పాళ్లు. అంటే బస్తా ధాన్యానికి దాదాపు ఒక కిలో నూనె అన్నమాట! కళ్లం నుంచి వెళ్లే ప్రతి బస్తాలోనూ మనకు కనిపించని ఒక నూనె ప్యాకెట్ ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

"కానీ దీనికి గడియారం ఉందండీ" అన్నారాయన గుప్పెడు తవుడు నా అరచేతిలో పోస్తూ. పట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. "ఇప్పుడు తియ్యగా ఉంది చూడండి. రేపటికి కాస్త కనరు వాసన. ఎల్లుండి సంగతి చెప్పక్కర్లేదు. ఆలస్యమైతే వంటనూనె కావాల్సింది సబ్బు నూనె అయిపోద్ది."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బియ్యం గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నూనె ఓచోట, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైము మరోచోట ఉంటాయి. పాలిష్ పట్టగానే రెండూ కలిసిపోతాయి. ఆ క్షణం నుంచే నూనె విరిగి పులుపెక్కడం మొదలవుతుంది. అందుకే తవుడును గంటల వ్యవధిలో నూనె ఫ్యాక్టరీకి చేర్చాలి, లేదా ఆవిరి పట్టి ఎంజైమును చంపేయాలి. ఉప్పుడు బియ్యం తవుడుకు ఈ బెడద తక్కువ. ధాన్యాన్ని ముందే ఉడికిస్తారు కదా!

తవుడును గానుగలో ఆడితే నూనె సరిగా దిగదు. హెక్సేన్ అనే ద్రావకంలో నానబెట్టి తీస్తారు. ఆ ద్రావకాన్ని ఆవిరిచేసి వెనక్కి పట్టేశాక మిగిలిన ముడి నూనె నల్లగా, జిగటగా ఉంటుంది. మైనం, జిగురు ఎక్కువ. దాన్ని శుద్ధి చేయడం పెద్ద పని. అందుకే చాలాకాలం తవుడు నూనెంటే సబ్బుల తయారీకే అనుకున్నారు. ఎంజైములతో జిగురు తొలగించే పద్ధతిని హైదరాబాద్‌లోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు రూపొందించారు. అదే నగరంలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు మామూలు నూనెకు బదులు దీన్ని వాడితే ఆ మోతాదు తగ్గిందని 1989లో ప్రచురించారు. అలా సబ్బు కార్ఖానా నుంచి నూనె వంటింట్లోకి నడిచొచ్చింది.

దీన్ని చాలా వేడిచేసినా త్వరగా పొగ రాదు. కాబట్టి గారెలకూ, పూరీలకూ సరిపోతుంది. ఇక చర్మం సంగతి. తవుడు నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం ఉంటుంది. 1950ల్లో జపాన్ వాళ్లు దీన్ని మొదట వేరుచేశారు. ఒరైజా అంటే వరికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు. ఎండవేడికి నూనె, చర్మం పాడవకుండా అడ్డుకునే గుణం దానికుంది కాబట్టి క్రీముల్లో వాడతారు. తవుడు మైనం లిప్‌స్టిక్‌లలోకి వెళ్తుంది. జపాన్‌లో పూర్వం ఆడవాళ్లు తవుడును గుడ్డసంచిలో కట్టి దాంతో ఒళ్లు రుద్దుకునేవారు. మన ఇళ్లలో కుంకుడుకాయల్ని వేడి గంజిలో నానబెట్టి తలంటుకోలేదూ... అలాగే అన్నమాట.

ఒక్క సంగతి మరిచిపోకూడదు. బాగా తెల్లగా శుద్ధి చేసిన నూనెలో ఈ ఒరైజనాల్ చాలావరకూ పోతుంది. 'తవుడు నూనె' అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒరైజనాల్ ఎంత ఉందో ప్యాకెట్ మీద చూసి కొనుక్కోవాలి.

నువ్వుల నెయ్యే నూనె

తెలుగులో నూనె అనే మాట ఎలా వచ్చిందో తెలుసా? నువ్వు, నెయ్యి కలిసి నూనె అయింది. సంస్కృతంలోనూ అంతే. తిలల నుంచి వచ్చింది తైలం. అంటే మనవాళ్ల దృష్టిలో నూనెంటే నువ్వులదే. మిగతావన్నీ తర్వాత వచ్చి ఆ పేరు తగిలించుకున్నవే. గోదావరి జిల్లాల్లో దాన్ని ఇప్పటికీ ముద్దుగా పప్పునూనె అంటారు.

మా చిన్నప్పుడు ఊరి చివర ఎద్దు గానుగ ఉండేది. కళ్లకు గంతలు కట్టిన ఎద్దు గుండ్రంగా తిరుగుతుంటే, రోకలి కిర్రుకిర్రుమంటుంటే, రోట్లో నువ్వులు నలిగి నూనె ఊరేది. నువ్వుల్లో దాదాపు సగం నూనే. ఆడేటప్పుడు చిన్న తాటిబెల్లం ముక్క వేసేవారు. పిల్లలం దోసిళ్లు పట్టుకుని చుట్టూ చేరితే గానుగాయన వెచ్చటి తెలగపిండి ఉండ ఒకటి పెట్టేవాడు. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

ఇప్పుడా గానుగ లేదు. ఎద్దూ లేదు. ఆ స్థలంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అయితే గూడెంలో మళ్లీ చెక్క గానుగలు కనిపిస్తున్నాయి. ఎద్దు బదులు కరెంటు మోటారు! కళ్ల ముందే ఆడించి ఇస్తున్నారు. కల్తీ భయంతో జనం కాస్త ఎక్కువిచ్చైనా కొంటున్నారు.

పప్పునూనె లేనిదే ఇక్కడ ఆవకాయ లేదు. ఎందుకంటే నువ్వుల్లో ఉండే సెసామిన్, సెసామోలిన్ లాంటి పదార్థాలు నూనె త్వరగా కనరెక్కకుండా చూస్తాయి. జాడీలో ముక్క మునిగేలా పోసిన నూనె గాలిని అడ్డుకుంటుంది. వచ్చే వేసవి దాకా పచ్చడి నిలవుండటం వెనక రహస్యం అదే. నూనె తీశాక మిగిలిన తెలగపిండి కూడా వృథా పోదు. బాలింతకు మునగాకు, వెల్లుల్లి వేసి కూర వండిపెడతారు. పాలు పడతాయని నమ్మకం. మాంసకృత్తులు, సున్నం పుష్కలంగా ఉన్న కూర అది. మా మేనకోడలు మొదట ముఖం ముడుచుకుని, తర్వాత రెండోసారి వడ్డించుకుంది!

పండుగ తలంటుకు, పెళ్లి నలుగుకు, పసిపిల్లల ఒంటికి... అన్నింటికీ ఈ నూనే. ముందు నూనె పట్టించి, పెసరపిండో శనగపిండో కలిపిన సున్నిపిండితో రుద్ది, వేన్నీళ్లు పోస్తే జిడ్డు పోతుంది, నున్నదనం మిగులుతుంది. తల మీదకు ఆముదమో కొబ్బరినూనో వేరే.

పెదవేగిలో ఎర్ర నూనె

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఏలూరు వెళ్లి, అక్కడి నుంచి పెదవేగి చేరుకున్నాను. ఒకప్పుడు వేంగి రాజ్యానికి రాజధాని. శాలంకాయనులు ఏలిన చోటు. ఇప్పుడు రోడ్డుకు రెండువైపులా రాజ్యమేలుతున్నది పామాయిల్ చెట్టే. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన ఈ చెట్టు మీద పరిశోధనకు 1995లో కేంద్రం ఇక్కడే ఒక సంస్థను పెట్టింది. అదే నేటి భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. దేశంలో ఈ పంటకు ఆంధ్రప్రదేశ్ పెట్టింది పేరు కావడంలో ఈ మెట్టభూముల వాటా పెద్దది.

తోటలో గెల కోస్తుంటే నిలబడి చూశాను. పొడవాటి కర్రకు కట్టిన కత్తితో మట్టను తెంపి, గెలను కిందకు దించుతారు. ధబ్బున పడుతుంది. కాయ చిదిమితే వేళ్లకు నారింజరంగు అంటుకుంది. క్యారెట్‌కు రంగునిచ్చే కెరోటినే ఇది. శుద్ధిచేశాక ఆ రంగూ పోతుంది, ఆ గుణమూ పోతుంది. ఈ పండు విచిత్రమేమిటంటే ఒకే కాయలో రెండు నూనెలు. గుజ్జులోంచి వచ్చేది పామాయిల్. లోపలి గింజలోంచి వచ్చేది కొబ్బరినూనెకు దగ్గరి చుట్టం. నురగ బాగా వస్తుంది కాబట్టి సబ్బులకు, షాంపూలకు వెళ్తుంది.

దీనికీ గడియారం ఉంది. గెల కోసిన 24 గంటల్లోపు మిల్లుకు చేరాలి. లేదంటే తవుడులాగే నూనె విరిగిపోతుంది. "రాత్రి లారీ రాలేదంటే నిద్ర పట్టదండి" అన్నాడు తోట రైతు. "ఏడాది పొడుగునా నెలకు రెండుసార్లు కోత. వరిలాగా ఒక్కసారి కోసి ఊరుకోడానికి లేదు." ఎకరానికి ఇంత నూనె ఇచ్చే పంట మరొకటి లేదు. నీళ్లు కూడా అంతే తాగుతుంది. దేశం వాడుకునే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది కనుక, 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ పథకాన్ని ప్రకటించింది. పామాయిల్‌లో గడ్డకట్టే కొవ్వు సగం దాకా ఉంటుంది. చౌక కదా అని రోజూ అదొక్కటే వాడటం మంచిది కాదు. రెండు మూడు రకాల నూనెలు మార్చి మార్చి వాడమని పోషకాహార నిపుణులు చెబుతూనే ఉన్నారు.

టెంకలో వెన్న

పెదవేగి నుంచి ఇంకాస్త పడమటికి వెళ్తే నూజివీడు మామిడితోటలు. మనం రసం జుర్రి టెంక విసిరేస్తాం. ఆ టెంక పగలగొడితే లోపలి జీడిలో వెన్నలాంటి కొవ్వు ఉంటుంది. గది వేడికి గట్టిగా ఉండి, ఒంటి వేడికి కరుగుతుంది. చాక్లెట్‌కు ఆ రుచినిచ్చే కోకో వెన్న గుణమూ అదే. అందుకే చాక్లెట్‌లో కోకో వెన్నకు తోడుగా అయిదు శాతం దాకా కలపడానికి ఐరోపా దేశాలు 2000లో అనుమతించిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడిదీ ఒకటి. పెదాలకు రాసుకునే బామ్‌లలో, క్రీముల్లో మ్యాంగో బటర్ పేరుతో ఉండేదీ ఇదే. మామిడి జీడి, సాల గింజల్లాంటి వాటి నుంచి కొవ్వు తీయడంలో పేరున్న త్రీఎఫ్ సంస్థ 1960లో మొదలైంది ఈ తాడేపల్లిగూడెంలోనే. చెత్తకుప్పలో పడాల్సిన టెంక చాక్లెట్ అయి, పెదవుల మీది మెరుపు అయి తిరిగొస్తోంది. ధర చూస్తే మాత్రం మనం పారేసిందే అని గుర్తుపట్టలేం!

కొల్లేట్లో తేలిన తవుడు

సాయంత్రం గుండుగొలను దగ్గర దిగి ఆగడాలలంక వైపు వెళ్లాను. అక్కడి నుంచి కొల్లేరు దేశం మొదలవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లను ఉప్పుటేరు సముద్రానికి మోస్తుంది. 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు. సరస్సును మింగేసిన చేపల చెరువుల్ని 2006లో పెద్దఎత్తున కొట్టేశారు. ఆ గొడవ నేటికీ పూర్తిగా తెగలేదు. దూరంగా నీళ్ల మీద గూడబాతులు తెల్లటి మూటల్లా తేలుతున్నాయి.

ఓ చెరువులో వరసగా వెదుళ్లు పాతి, వాటికి చిల్లుల సంచులు వేలాడదీసి ఉన్నాయి. చేపలు వచ్చి పొడుచుకుని తింటుంటే నీళ్లు సలసల మరుగుతున్నట్టున్నాయి. సంచిలో ఏముందని అడిగాను. "డీవోబీ అండి" అన్నాడు పడవలోని కుర్రాడు. నూనె తీసేసిన తవుడు! మిల్లులో నా అరచేతిలో వెచ్చగా ఉన్న తవుడుకు ఇది చివరి మజిలీ. నూనె వంటింటికి, మైనం అద్దం ముందుకి, పిప్పి కొల్లేటి చేపకి. బొచ్చె, శీలావతి తిని పెరిగి మళ్లీ మన కంచంలోకే వస్తాయి. ఈ నేలలో పుట్టిందేదీ ఊరికే పోవడం లేదు. మనమే గుర్తించడం లేదంతే.

మామ్మ మాట

మూడో రోజు పొద్దున్నే నీళ్లు పోసే మామ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఈ వీధిలో సగం మందికి మొదటి స్నానాలు ఆవిడే చేయించింది. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. తర్వాత ఈ పని చేసేవాళ్లు లేరు.

పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. మా మేనకోడలు పైన్ నూనె సీసా చూపించింది. మామ్మ ఓ చుక్క వేలి మీద వేసుకుని, బొటనవేలితో రుద్ది, వాసన చూసింది. "మంచి నూనేనమ్మా. తేలిగ్గా ఉంది. నీ ఒంటికి రాసుకో. పిల్లకెందుకు? దీనికి ఇది పడుతుందో లేదో మనకేం తెలుసు?" అంది. పప్పునూనె గిన్నెను వేన్నీళ్లలో పెట్టించి, గోరువెచ్చగా అయ్యాక ముందు తన ముంజేతి మీద వేసుకు చూసింది.

మా చెల్లెలు అలవాటుగా, "మామ్మా, ముక్కులో, చెవుల్లో రెండేసి చుక్కలు వెయ్యి" అంది.

మామ్మ చెయ్యి ఆగిపోయింది. "వెయ్యను తల్లీ. ఇరవై ఏళ్లయింది మానేసి." కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే చెప్పింది. "ఓ బిడ్డకి ముక్కులో నూనె వేశాను. అందరం వేసేవోళ్లమే కదా! రెండు రోజులకి ఆయాసం. ఏలూరు తీసుకెళ్లారు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు డాక్టరుగారు. వారం రోజులు నేను అన్నం తిన్లేదు బాబూ. ఆ పిల్లాడు బతికాడు. ఇప్పుడు ఇంజినీరు చదివాడు. నన్ను చూస్తే నవ్వుతాడు. వాడికి తెలీదు. నాకు తెలుసు."

పిల్లల డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్న మాటే ఇది. నూనె ఒంటికి మాత్రమే. ముక్కులో, చెవిలో, బొడ్డులో వద్దు. గట్టిగా లాగి రుద్దకూడదు. పుట్టిన కొత్తలో పొట్టు లేవడం సహజం, దానంతటదే పోతుంది. దద్దుర్లు కనిపిస్తే ఏ నూనైనా ఆపేసి డాక్టరుకు చూపించాలి. ఇక మర్దన వల్ల ప్రయోజనం ఉందా అంటే, ఉంది. ఆరు వారాల వయసున్న 125 మంది పిల్లలకు నాలుగు వారాలపాటు రకరకాల నూనెలతో మర్దన చేసి చూసిన మన దేశపు పరిశోధకులు, ఎదుగుదల నువ్వుల నూనెతో బాగుందని 2000లో రాశారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గాయని 2005లో ఢాకా ఆసుపత్రి నుంచి వచ్చిన ఫలితం చెప్పింది. అంటే గొప్పతనం ఖరీదులో లేదు. తాజా నూనె, శుభ్రమైన చెయ్యి, మెత్తటి స్పర్శ... అసలు మందు అవే.

మామ్మ పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద నూనె రాసింది. మొదట గుక్కపట్టిన పాప కాసేపటికి ఆవులించింది. వేన్నీళ్లు పోసి, మెత్తటి బట్టలో చుట్టి తల్లి చేతికిస్తూ, "రేపటి నుంచి నువ్వు పొయ్యాలి. నేను పక్కన కూర్చుని చెబుతాను. నా తర్వాత ఎవరు చెబుతారు నీకు?" అంది. మేనకోడలు తల ఊపింది. సీసా సంగతి మళ్లీ ఎత్తలేదు.

నన్నడిగిన తీర్పు నేను చెప్పనే లేదు. అవసరం రాలేదు.

మూడో నెలలో తల్లీ బిడ్డా హైదరాబాద్ వెళ్లిపోయారు. మొన్న ఫోనులో పాప ఫొటో పంపించింది. ఒళ్లంతా నూనెతో మెరుస్తూ బోసినవ్వు నవ్వుతోంది. పక్కన అదే సీసా, దాని మీద అదే పైన్ చెట్టు బొమ్మ. లోపల మాత్రం తేనెరంగు నూనె. గూడెం గానుగలో ఆడించి మా చెల్లెలు పోసిచ్చిన పప్పునూనె!

ఎలా వెళ్లాలి?

చెన్నై - హౌరా రైలు మార్గంలో ఏలూరు, నిడదవోలు మధ్య తాడేపల్లిగూడెం ఉంది. చాలా రైళ్లు ఆగుతాయి. ఏలూరు నుంచి బస్సులూ ఎక్కువే. గూడెం నుంచి పెంటపాడుకు ఆటోలు తిరుగుతుంటాయి. పెదవేగికి ఏలూరు నుంచి వెళ్లాలి. కొల్లేటి పక్షుల కోసమైతే కైకలూరు దగ్గరి ఆటపాక మేలు. చలికాలం వెళ్తే పక్షులు, వేసవిలో వెళ్తే మామిడిపళ్లు, ఆవకాయ జాడీలు. తవుడు వాసన మాత్రం కోతల కాలంలోనే!